బోగీలూ పిట్టలూ

మా ఇంట్లో 'మైనస్' అనే మాటను కొంతకాలం ఎవరూ పలకలేదు. నేను బ్యాంకు పరీక్షలో తెలియని ప్రశ్నలకు కూడా గుడ్డిగా టిక్కులు కొట్టి, వచ్చిన మార్కులన్నీ మైనస్ మార్కుల్లో పోగొట్టుకున్నప్పటి నుంచి అదే వరస. నాన్న ఎర్రమంజిల్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసేవారు. గోదావరి జిల్లా నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. కూతుర్ని బ్యాంకు కుర్చీలో చూడాలని ఆయనకు మహా కోరిక. అది తీరకపోయినా నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే నాకు బాధ. తిట్టి ఉంటే నేనూ రెండు మాటలు అనేసి తేలికపడేదాన్ని.

అది ఊరంతా కంప్యూటర్లంటూ ఊగిపోతున్న కాలం. కంప్యూటర్ కోర్సుల సెంటర్లుండే మైత్రీవనం ముందు ఊరికే నిలబడినా ఎవరో ఒకరు చేతిలో జావా కరపత్రం పెట్టేసి పోయేవారు. నేనూ ఒక కోర్సు చేసి, పంజాగుట్టలో మిఠాయి కొట్టు పైన మూడో అంతస్తులో ఉన్న చిన్న కంపెనీలో టెస్టింగ్ ట్రైనీగా చేరాను. పొద్దస్తమానం నేతి వాసన వచ్చే ఒక హాలు, కొన్ని కంప్యూటర్లు, వాటి మధ్య పచార్లు చేసే ఎండీ గారు, అదీ కంపెనీ. ప్రొబేషన్ అయ్యాక మమ్మల్ని ఉంచుకుంటారో ఇంటికి పంపిస్తారో చెప్పేవాళ్లు లేరు.

ఒకరోజు ఎండీ గారు హాల్లోకి వచ్చి పిడుగులాంటి వార్త చెప్పారు.

"అమెరికా నుంచి క్లయింట్ వస్తున్నారమ్మా. ఆయనకి గోల్ఫ్ అంటే ప్రాణమంట. మా స్టాఫంతా గోల్ఫ్ ఆడతారండీ అని ఫోన్లో అనేశాను."

మేం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం. మాలో గోల్ఫ్ కర్రను దగ్గర్నుంచి చూసినవాళ్లు కూడా లేరు. ఎండీ గారికి మాత్రం బెంగ లేదు. ఏదో పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలో గోల్ఫ్ ఆట ఉంది. దాన్ని కంప్యూటర్లన్నిట్లో ఎక్కించేశారు. "ఇందులో నేర్చుకోండి. బాగా ఆడేవాళ్లనే ఆయన ప్రాజెక్టులో వేస్తాను. మిగతావాళ్ల సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆ 'తర్వాత చూద్దాం' అనే మాటకు ట్రైనీలకు ఎవరూ అర్థం చెప్పక్కర్లేదు. నా ఉద్యోగం ఆ తెల్లబంతి మీద ఆధారపడిందని తెలిసిపోయింది.

ఆట నియమాలు ఎవరికీ తెలియవు. బోరబండ నుంచి వచ్చే సీనియర్ ప్రోగ్రామర్ ఒకాయన ఉండేవాడు. అందరం అన్న అని పిలిచేవాళ్లం. ఒక్క పూటలో ఆట మర్మమంతా కనిపెట్టింది ఆయనే.

"సూడు చెల్లె, బోగీ అంటే ప్లస్ వన్. డబుల్ బోగీ అంటే ప్లస్ టూ. రైలుకు ఎన్ని బోగీలు తగిలిస్తే గంత పెద్ద బండి. సింపుల్."

"మరి బర్డీ అని వస్తోందేంటి అన్నా?"

"అది మైనస్ వన్. పిట్టొచ్చి నీ మార్కు ఎత్కపోయిందన్నట్టు. ఈగిల్ అంటే గద్ద. అది రెండెత్కపోతది."

ఇంత చక్కగా అతికిన సిద్ధాంతాన్ని అనుమానించేదెవరు? ప్లస్ మంచిది, మైనస్ చెడ్డది అని కోచింగ్ సెంటర్లలో ఎముకల దాకా ఎక్కించుకున్నవాళ్లం. పైగా క్రికెట్ చూసి పెరిగాం. ఎక్కువసేపు ఆడినవాడే మొనగాడని మా లెక్క. కంప్యూటర్లకు స్పీకర్లు లేవు కాబట్టి ఆ ఆట కూడా నోరు తెరిచి కాదని చెప్పలేకపోయింది.

కష్టమంతా నాకే వచ్చింది. ఆ ఆటలో స్పేస్ బార్ మూడుసార్లు నొక్కాలి. మొదటిసారి కర్ర లేస్తుంది, రెండోసారి బలం, మూడోసారి గురి. నేను అమీర్‌పేటలో టైపు లోయర్ పాసైనదాన్ని. బొటనవేలు దానంతటదే తాళంలో పడేది. టక్, టక్, టక్. బంతి తిన్నగా వెళ్లి గుంటలో పాతిన జెండా పక్కన కూర్చునేది. ఇంకో దెబ్బకు గుంటలో పడేది. పిట్ట. మళ్లీ పిట్ట. ఒకసారి గద్ద కూడా వచ్చింది. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు.

గోడ మీద మా మార్కులు రాసే తెల్లబోర్డులో అన్న పేరు అందరికంటే పైన, ప్లస్ పద్నాలుగు. నా పేరు అట్టడుగున, మైనస్ నాలుగు. ఎండీ గారు అటుగా వెళ్తూ ఆగారు. "ఏంటమ్మా, ఆటలో కూడా మైనసేనా?" అన్నారు. ఆయనకు నా బ్యాంకు పరీక్ష సంగతి తెలియదు, మామూలుగానే అన్నారు. నేను మాత్రం బాత్‌రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చాను. ఏడుపయ్యాక ఒళ్లు మండింది, ఆ దిక్కుమాలిన జెండా మీద.

సాయంత్రం నాన్న, "ఎలా ఉందమ్మా మీ ఆట?" అని అడిగారు. అబద్ధం ఆడటం చేతకాక మైనస్ నాలుగన్నాను. చాలాకాలానికి ఇంట్లో ఆ మాట వినపడింది. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, "తెలియకపోతే వదిలెయ్యమ్మా. గుడ్డిగా కొట్టకు" అన్నారు. పరీక్ష ముందు చెప్పిన మాటే!

మర్నాటి నుంచి లంచ్ టైములో అన్న నాకు కోచింగ్ మొదలుపెట్టాడు.

"గట్ల సక్కగ కొట్టకు చెల్లె. గా చెరువు కనబడ్తున్నదా? దాంట్ల ఎయ్యి. మునిగినప్పుడల్లా ఒకటి ఫ్రీగ ఇస్తడు. ఇసుకల పడ్డదనుకో, మస్తు పాయింట్లు. జెండ దిక్కు మాత్రం పోకు. ఆడికి పోతే ఆట ఖతం."

బాగా ఆడటం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. తాళం తప్పించడానికి ఎడమచేతి చిటికెన వేలితో నొక్కేదాన్ని. మధ్యలో కావాలని దగ్గేదాన్ని. కళ్లు మూసుకునేదాన్ని. మొదటిసారి ప్లస్ ఒకటి వచ్చిన రోజున అన్న మురిసిపోయి అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించాడు. క్రమంగా చేయి తిరిగింది. చెరువు ఏ మూల లోతో, ఏ చెట్టు వెనక పడితే బంతి ఓ పట్టాన బయటికి రాదో, అన్నీ కంఠతా వచ్చేశాయి. క్లయింట్ వచ్చే ముందురోజుకు బోర్డు మీద నాది రెండో స్థానం. "పట్టుదలంటే అదీ! ఆ అమ్మాయిని చూసి నేర్చుకోండి" అన్నారు ఎండీ గారు. ఇంట్లో చెబితే నాన్న రెండోసారి పెరుగన్నం కలుపుకున్నారు.

క్లయింట్ వచ్చాడు. ఎండీ గారు హంగు కోసం ఎక్కడినుంచో ఒక జత స్పీకర్లు తెచ్చి పెట్టించారు. ముందు అన్న కూర్చున్నాడు. చూస్తుండగానే బంతిని మూడుసార్లు చెరువులో ముంచాడు. ముంచినప్పుడల్లా స్పీకర్లలోంచి జనం "అయ్యయ్యో" అన్నట్టు మూలిగారు. అదేదో ఆనందమనుకుని మేమంతా చప్పట్లు కొట్టాం. అన్న వెనక్కి తిరిగి విజయగర్వంతో నవ్వాడు. అమెరికా ఆయన మా మొహాలు, తెర మార్చి మార్చి చూసి, మర్యాదకు తనూ రెండు చప్పట్లు కొట్టాడు.

తర్వాత నేను. క్లయింట్ వెనక నిలబడి ఎండీ గారు చప్పుడు లేకుండా "చెరువు, చెరువు" అని పెదాలు కదిలిస్తున్నారు. ఆ కంగారులో చిటికెన వేలు, దగ్గు, చెట్టు, చెరువు, అన్నీ మర్చిపోయాను. బొటనవేలు మాత్రం తన టైపు పాఠం మర్చిపోలేదు. టక్, టక్, టక్. బంతి వెళ్లి జెండా కాళ్ల దగ్గర కూర్చుంది. ఇంకో దెబ్బకు గుంటలో పడింది.

పిట్ట.

ఒక్కసారిగా స్పీకర్లు హోరెత్తిపోయాయి. ఈలలు, చప్పట్లు. హాల్లో మాత్రం ఎవరూ కదల్లేదు. ఎండీ గారు కళ్లు మూసుకున్నారు. నా ఉద్యోగం పోయిందని నిశ్చయమైపోయింది. లేచి నిలబడి, "సారీ సార్, మైనస్ వన్" అన్నాను.

అమెరికా ఆయన లేచి వచ్చి నా చేయి పట్టుకుని ఊపేశాడు. బ్రహ్మాండంగా ఆడావు, ఎవరు నేర్పారని అడిగాడు. నేను అలవాటుకొద్దీ అన్నను చూపించాను. అన్న తలెక్కడ పెట్టుకోవాలో తెలియక కీబోర్డు తుడవడం మొదలుపెట్టాడు. అసలు సంగతి అర్థమయ్యాక క్లయింట్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. తక్కువ దెబ్బల్లో ముగించినవాడే ఈ ఆటలో గెలిచినట్టట. ఉండాల్సినదానికన్నా ఎక్కువ దెబ్బలు పడితే ప్లస్, తక్కువైతే మైనస్ అట. ఎండీ గారు అందరికంటే ముందు తేరుకుని, "ఈ అమ్మాయి టాలెంటెడని నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను సార్" అన్నారు. సాయంత్రానికి నన్ను ప్రాజెక్టులో వేశారు.

"రేపటి సంది నువ్వే నేర్పాలె చెల్లె, నా బోగీలన్నీ పట్టాలు తప్పినయ్" అన్నాడు అన్న.

ఇంటికి రాగానే నాన్న గుమ్మంలోనే అడిగారు. "మైనస్ ఒకటి" అన్నాను. ఆయన మొహం వాడిపోయింది. చెప్పులు కూడా విప్పకుండా కథంతా చెప్పాను, బోగీలు, పిట్టలు, గద్దలతో సహా. ఆయన కాసేపు లెక్క వేసుకున్నారు.

"అంటే ఎంత మైనస్ అయితే అంత గొప్పన్నమాట."

"అవును నాన్నా."

"అయితే ఆ బ్యాంకు పేపరు దిద్దినవాడు గోల్ఫ్ ఆడేవాడైతే నువ్వే ఫస్టు కదే!"

వంటింట్లోంచి ముందు అమ్మ నవ్వు వినపడింది. తర్వాత ముగ్గురం ఆపుకోలేకపోయాం. నవ్వు తగ్గాక నాన్న మెల్లగా అడిగారు, ఇన్నాళ్లూ అడగని మాట.

"ఇంతకీ అప్పుడు ఎంత పోయిందమ్మా మైనస్‌లో?"

చెప్పాను.

"అబ్బో," అన్నారు నాన్న, నా తల మీద చేయి వేసి, "అన్నీ గద్దలే!"