పులుపు సీసా

లవంగాల వాసన వేసే కేకు ఎవరు పెట్టినా, ఇప్పటికీ ముందు వాళ్ళ చేతుల వైపు చూస్తాను.

కొత్తవలసలో పాసింజరు ఎక్కి నా ఎదురుగా కూర్చున్నావిడ ఒళ్ళో గాజు సీసా ఉంది. అందులో పులిసిన పిండి బుడగలు కడుతోంది. ఏమిటని అడిగాను.

"మా అత్త పులుపమ్మా. రోజూ గుప్పెడు మైదా ఎడితే బతుకుతాది. సర్చిలో కోత పండక్కి కేకు దీంతోనే పొంగుతాది. లవంగాలూ దాల్చినచెక్కా దంచడానికి నేను కావాలి. సీసా మీద మాత్రం నా సెయ్యి పడితే పులుపు సచ్చిపోతాదంట! ఇప్పుడు మంచాన పడి, కూతురికిచ్చి రమ్మన్నాది."

గజపతినగరం దగ్గరపడుతుండగా ఆవిడ సంచిలోంచి ఫ్లాస్కు తీసి, పొగలు కక్కే నీళ్ళు సీసాలో పోసింది. చెంచాతో నెమ్మదిగా కలిపింది. బుడగలు ఆగిపోయాయి.

"పెద్దావిడ మాట అబద్ధం కాకూడదు కదమ్మా," అంది మూత బిగిస్తూ.

ప్లాట్‌ఫారం మీద ఆవిడ ఆడపడుచు ఆ సీసాను రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. ఈవిడ ఆమె తల నిమిరింది.

"రోజూ మైదా ఎట్టడం మర్సిపోకే. పస్తుంచితే సచ్చిపోతాది."