మామ్మ కోసం కట్టిన రేకుల గది

నా జీవితంలో నేను కట్టించిన ఇల్లు ఒక్కటే. దాన్ని చూసినవాళ్ళెవరూ ఇల్లనలేదు. పక్కింటి సాహు గారు కోళ్ళగూడు అనుకున్నారు. మా ఆవిడ సునీత పాత సామాన్లు పడేసే గది అనుకుంది. నేను మాత్రం మా కుటుంబాన్ని కాపాడబోయే కోట అనుకున్నాను. ఆ కోట మా ఇంటిల్లిపాదినీ ఎండాకాలంలో వేయించి, వానాకాలంలో నానబెట్టి, చలి మొదలయ్యాక గానీ బయటికి వదల్లేదు. ఆ ఘనకార్యం ఇప్పుడు చెబుతాను. మధ్యలో ఒక చావుంది. ముందే చెప్పాను కాబట్టి తర్వాత నన్ను అనకండి.

మాది విజయనగరం వైపు. నాన్న రైల్వేలో గార్డు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ క్వార్టర్సులో గడిపి, రిటైరయ్యాక చేతికొచ్చిందంతా పోసి ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లో మోవా దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. రెండు గదులు, వంటిల్లు, వెనకాల ఒక జామచెట్టు పట్టేంత పెరడు. ఆ ఇంటి గోడకి ఎవరైనా మేకు కొడితే నాన్న తనకే దిగినట్టు మూలిగేవాడు. నేను ఊరి బయట సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో, సరుకు లారీలకెక్కించే సెక్షన్లో పనిచేసేవాణ్ణి. పొద్దున తెల్లచొక్కాతో వెళ్ళి సాయంత్రం నల్లచొక్కాతో వచ్చేవాణ్ణి.

ఒక చలికాలం చివర్లో మా మామ్మ, అంటే నాన్నని కన్న తల్లి, మంచం పట్టింది. ఆసుపత్రిలో డాక్టరు అన్నీ చూసి, "ఇంటికి తీసుకెళ్ళండి, ఆవిడకి ఇష్టమైనవి పెట్టండి" అన్నాడు. ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కాసేపు ఏడ్చింది. ఏడుపయ్యాక లేచి వెళ్ళి గోడమీదున్న తెలుగు క్యాలెండర్ ముందు నిలబడింది.

"ఏటి చూస్తన్నావు?" అన్నాడు నాన్న.

"నక్షత్రాలు."

తెలియనివాళ్ళకి చెప్పాలి. మాలో ఒక పట్టింపు ఉంది. ధనిష్ఠ మొదలుకొని ఐదు నక్షత్రాలు నడిచే రోజుల్లో ఇంట్లో మనిషి పోతే, ఆ ఇంటికి తాళం వేసి ఆరు నెలలు బయట బతకాలి. అందుకే ఊళ్ళో అయితే ప్రాణం పోయేలా ఉన్నప్పుడు మనిషిని తెచ్చి వీధి అరుగు మీద పడుకోబెట్టేవారట. మా మోవా ఇంటికి అరుగు లేదు. గుమ్మం దిగితే గేటు, గేటు దాటితే మురిక్కాలవ.

"ఆర్నెల్లు ఇల్లొదిలి ఎక్కడికెళ్తాం?" అంది అమ్మ. "అద్దె కొంపలోళ్ళు పదకొండు నెల్ల కాయితం రాయమంటారు. చావింటి నుంచొచ్చారంటే మనోళ్ళు గుమ్మం ఎక్కనివ్వరు."

నాన్న తన ఇంటి గోడని అరచేత్తో ఒకసారి నిమిరాడంతే.

సరిగ్గా ఆ రోజుల్లోనే నా ఫోన్లో చిన్న ఇళ్ళ వీడియోలు తెగ వచ్చేవి. ఎక్కడెక్కడి వాళ్ళో పెద్ద ఇళ్ళు అమ్మేసి, పెరట్లో అగ్గిపెట్టంత గదులు కట్టుకుని, అందులో ఒక మొక్కా ఒక కప్పు టీ పెట్టుకుని, తక్కువ సామాన్లతో బతకడమే సుఖమని చెబుతూ నవ్వుతుండేవారు. వాటిని చూసీ చూసీ నా బుర్ర చెడింది. ఓ సాయంత్రం భోజనాల దగ్గర ప్రకటించాను.

"నాన్నా, పెరట్లో చిన్న ఇల్లు కడదాం. మామ్మకి."

"మామ్మకేటి, ఇక్కడ మంచం లేదా?"

"సింపుల్ లివింగ్ నాన్నా. జపానోళ్ళంతా ఇలాగే ఉంటన్నారు."

"జపానోళ్ళకీ మీ మామ్మకీ ఏటి సంబంధం?"

వెనక గదిలో పడుకున్న మామ్మకి వినపడకుండా గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాను. ఏ నక్షత్రంలో ఏమైనా సరే, తాళం ఆ చిన్న గదికి పడుతుంది, మన ఇల్లు మనకుంటుంది అన్నాను. బాగుందని ఎవరూ అనలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. నాన్న పెరుగన్నం కలుపుకోకుండానే లేచి చెయ్యి కడుక్కున్నాడు. నేను దాన్ని అంగీకారం అనుకున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో మనిషికి ఏదైనా అంగీకారంగానే కనిపిస్తుంది.

మర్నాడు పంతులుగారికి ఫోన్ చేసి అడిగాను.

"వేరే గోడలు, వేరే కప్పు, వేరే గుమ్మం ఉంటే అది వేరే ఇల్లేనయ్యా" అన్నారాయన. "ఇంతకీ ఎవరైనా పోయారా?"

"ఇంకా లేదండీ, ముందు జాగ్రత్త."

ఆయన ఫోన్ పెట్టేశారు.

ఇక నా విశ్వకర్మ అవతారం మొదలైంది. ఇనుము మధ్య బతికేవాడికి ఇటుక గుర్తొస్తుందా? ఇనప యాంగిళ్ళతో చట్రం, చుట్టూ రేకులు, పైన రేకు. బోల్టులు బిగిస్తే ఇల్లు, విప్పితే చదును. కొలతల కోసం టేపు పట్టుకుని, మామ్మ నిద్రపోతుండగా ఆమె మంచం పక్కన వంగాను. తల దగ్గర నుంచి పాదాల దాకా కొలిచాను. అప్పుడు నాకు సిగ్గు వెయ్యలేదు. ఇప్పుడు రాస్తుంటే వేస్తోంది. మంచానికి సరిపడా పొడవు, పక్కన కూర్చునేవాడికి ఒక కుర్చీ వెడల్పు. ద్వారం మాత్రం నలుగురు మోసుకుపోయేందుకు వీలుగా పెట్టించాను. ఎంత దూరదృష్టో చూడండి.

సాహు గారు ప్రహరీ మీంచి తొంగి చూశారు. "క్యా బనా రహే హో బేటా? ముర్గీ పాలోగే?" కోళ్ళు పెంచుతావా అని అడిగారు.

"నహీ అంకుల్. దాదీ కే లియే. ఠండా రహేగా." మామ్మ కోసమని, చల్లగా ఉంటుందని చెప్పాను. ఏప్రిల్ నెల, రాయపూర్, ఇనప రేకులు, చల్లగా. నా నాలుక అక్కడే ఊడిపోవాల్సింది.

గృహప్రవేశం రోజు మామ్మని కుర్చీలో కూర్చోబెట్టి పెరట్లోకి తెచ్చాం. ఆమె ఆ గదిలో నాలుగు వైపులా చూసింది. మనిషి చిక్కి చేటలో ఎత్తేలా ఉన్నా చూపు మాత్రం తగ్గలేదు.

"ఏట్రా రమణా ఇది?"

"నీకే మామ్మా. నీ సొంత ఇల్లు. సింపుల్‌గా, ప్రశాంతంగా..."

"దీపం ఎట్టుకోడానికి గూడేదిరా?"

"అదీ... పెట్టిస్తాను."

"బట్టలకి దండేవేది? మంచినీళ్ళ కుండకి మూలేది?" ఆమె చిన్నగా నవ్వింది. "ఉండడానికి కట్టిన ఇల్లు కాదులేరా ఇది. ఎల్లిపోడానికి కట్టింది. ద్వారం చూస్తే తెలీదేటి?"

అమ్మ గబగబా ఇంట్లోకి వెళ్ళిపోయింది. సునీత నా వైపు చూసిన చూపు తాలూకు గాయం ఇప్పటికీ మానలేదు. నేను భూమి చీలితే అందులోకి దూరిపోదామని చూశాను, కానీ అడుగున కాంక్రీటు నేనే వేయించాను.

మామ్మే నన్ను దగ్గరికి పిలిచి తల నిమిరింది. "మంచి పని సేసేవురా. నా కొడుకు ముప్పయ్యేళ్ళు రైలెనకాల పెట్లో కూకొని కట్టుకున్నాడీ ఇల్లు. నా వల్ల దానికి తాళం పడకూడదు. నానిక్కడే ఉంటాను."

తిట్టి ఉంటే బాగుండేది. మెచ్చుకుంది.

మామ్మ ఆ గదిలో పోతుందని అందరం నోరెత్తకుండా ఎదురుచూశాం. ఆమె పోలేదు సరికదా, కోలుకోవడం మొదలుపెట్టింది! సాహు గారి భార్య రోజూ పొద్దున్నే గిన్నెలో బోరే బాసీ తెచ్చేది. అంటే రాత్రి అన్నంలో నీళ్ళు పోసి నానబెట్టిన చద్దన్నమే, ఛత్తీస్‌గఢ్ వాళ్ళు ఎండలకి తింటారు. మామ్మ దాన్ని ఉల్లిపాయతో లాగించి, ఆవిడకి తెలుగులో కష్టసుఖాలు చెప్పేది. ఆవిడ ఛత్తీస్‌గఢీలో తన కోడలి మీద చాడీలు చెప్పేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఇద్దరూ గంటలు గంటలు ఊ కొట్టుకునేవారు.

మే నెలాఖరుకి నౌతపా వచ్చింది. ఏడాది మొత్తంలో సూర్యుడు రాయపూర్ మీద పగబట్టే రోజులవి. మధ్యాహ్నం ఆ గది గోడ మీద చెయ్యి పెడితే చర్మం అంటుకుపోయేది. తడిగుడ్డలు కట్టాం, గడ్డి కప్పాం, ఫ్యాను పెడితే అది వేడిగాలిని శ్రద్ధగా మామ్మ మొహాన కొట్టేది. కూలర్ పెడదామంటే అది మంచంలో సగం ఉంది, గదిలో చోటెక్కడిది? మనిషి పడుకునేందుకు కొలిచిన గదిలో మనిషి తప్ప ఏమీ పట్టదు. మామ్మ బోరే బాసీ మానేసింది. మాట్లాడటం కూడా తగ్గించేసింది.

"లోపలికొచ్చీ అమ్మా" అని నాన్న బతిమాలేవాడు.

"వొద్దురా. నీ ఇల్లు."

ఓ రోజు మధ్యాహ్నం నాన్న లోపల కూలర్ ముందు కంచం దగ్గర కూర్చున్నాడు. ఒక ముద్ద ఎత్తాడు. దింపేశాడు. లేచి చెప్పుల్లేకుండా ఆ ఎండలో పెరట్లోకి నడిచాడు. వద్దు వద్దని గొణుగుతున్న మామ్మని పసిపిల్లని ఎత్తినట్టు రెండు చేతుల మీద ఎత్తి తెచ్చి, ముందు గదిలో కూలర్ ఎదురుగా పడుకోబెట్టాడు.

అమ్మ క్యాలెండర్ వైపు పరుగెత్తింది. "ఏమండీ, ఈవేళ ధనిష్ఠ! ఈ ఐదు రోజులూ పోనిచ్చి..."

"ఈవేళ మా అమ్మకి చల్లగా ఉండాల" అన్నాడు నాన్న. అంత గట్టిగా ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

తడిగాలి తగలగానే మామ్మ మొహం విచ్చుకుంది. కళ్ళు తెరిచి నాన్నని చూసి, "హాయిగా ఉందిరా" అంది. కాసిన్ని నీళ్ళు తాగింది. నాన్న చెయ్యి పట్టుకుని నిద్రపోయింది. సాయంత్రం టీ ఇద్దామని సునీత లేపబోతే ఇక లేవలేదు.

నాన్న తల్లి పాదాల మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే, నేను గోడకి చేరబడి నిలబడ్డాను. చేసిన తెలివైన పనులన్నీ గుర్తొచ్చి ఏడుపు కూడా రాలేదు.

పదమూడో రోజు కాగానే ఇంటికి తాళం పడింది. సాహు గారు ఆశ్చర్యపోయారు. మాకూ ఆ ఐదు నక్షత్రాల పట్టింపు ఉంది, గడ్డి బొమ్మలు చేసి శవంతోపాటు దహనం చేస్తే సరిపోతుంది కదా, ఇల్లు వదలడమేమిటి అని అడిగారు. "మీది మీకు, మాది మాకు అన్నయ్యగారూ" అంది అమ్మ హిందీలో, తాళంచెవి బొడ్డున దోపుకుంటూ. అద్దె ఇళ్ళు వెతికాం. అమ్మ చెప్పినట్టే జరిగింది. అప్పుడు నలుగురం తిరిగి పెరట్లోకి చూశాం.

వేరే గోడలు, వేరే కప్పు, వేరే గుమ్మం. పంతులుగారు ఎప్పుడో తీర్పు చెప్పేశారు.

ఒక మనిషి చావుకి కొలిచిన గదిలో నలుగురు బతకడం ఎలా ఉంటుందో ఆ వీడియోల వాళ్ళు చెప్పరు. మంచం అమ్మానాన్నలకి. మంచం కింద నేనూ సునీతా. నేను ఒత్తిగిలితే నాన్న లేచి కూర్చోవాలి. వంట జామచెట్టు కింద. వానలు మొదలయ్యాక రేకుల మీద ఆ మోత చెవులు పగలగొట్టేది. నేను బిగించిన ప్రతి బోల్టు నుంచీ నీళ్ళు కారేవి, ఒక్కటంటే ఒక్కటి నన్ను క్షమించలేదు.

"సింపుల్‌గా ఉందా?" అని అడిగేది సునీత పక్క నుంచి.

"పడుకో."

"ప్రశాంతంగా ఉందా?"

"పడుకోవే తల్లీ!"

నాన్న మాత్రం ఒక్కసారి కూడా నన్ను ఏమీ అనలేదు. రోజూ తాళం వేసిన తన ఇంటి చుట్టూ తిరిగి, కిటికీ చువ్వల్లోంచి ముందు గదిలోకి చూసి వచ్చేవాడు. ఆ కుర్చీ వెడల్పు జాగాలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేవాడు. ఓసారి జ్వరమొచ్చి వణుకుతూ కూడా, డాక్టరు దగ్గరకి తీసుకెళ్తానంటే వద్దని తల ఊపాడు.

గడువు తీరాక శాంతి చేయించి ఇల్లు తెరిచాం. అమ్మ గుమ్మానికి పసుపు రాస్తోంది. నేను పానా పట్టుకుని పెరట్లోకి ఉరికాను. మొదటి బోల్టు సగం తిప్పానో లేదో, వెనక నుంచి నాన్న గొంతు వినిపించింది.

"ఆగరా. ఎందుకు విప్పడం?"

"ఇంకెందుకు నాన్నా? దీని పనైపోయింది కదా."

నాన్న లోపలికి తొంగి చూశాడు. మంచం ఉండే చోట తన చేత్తో జానలు జానలుగా కొలిచాడు.

"మీ మామ్మ కంటే నాను పొడుగురా. కొంచెం పెంచితే సాలు. ఉంచు. మళ్ళీ కట్టడం బేకార్ ఖర్చు."

ఆయన వెక్కిరించలేదు. కోపంగా కూడా అనలేదు. మార్కెట్ నుంచి వస్తూ ఉల్లిపాయలు కూడా తెమ్మన్నట్టు మామూలుగా అన్నాడు. అని, ఇంట్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కున్నాడు.

ఆ సాయంత్రమే మొత్తం విప్పేశాను. వేళ్ళు చిట్లినా ఆపలేదు. రేకులన్నీ పాత ఇనుము బండివాడికి ఇచ్చేసి, పానా కూడా అతనికే ఇచ్చేశాను. తర్వాత స్నానం చేసి, తూర్పు తిరిగి, కుడిచెయ్యి పైకెత్తి, ఇరుగుపొరుగు నవ్వుతున్నా లెక్కచెయ్యకుండా ఈ విధంగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో బతికున్న మనిషి పక్కన టేపు పట్టుకుని వంగను. మా ఇంట్లో ఎవరు పోయినా ఇంటి నడిమధ్యన, మంచి గాలి తగిలే చోట, వాళ్ళకి హాయిగా ఉన్న వేళే పోవాలి. తాళం పడితే పడనీ. నేను మురిక్కాలవ గట్టు మీదైనా ఆరు నెలలు పడుకుంటాను గానీ, మా నాన్నకి మాత్రం ఇల్లు కట్టను.