కరిముల్లా చెప్పిన ఆప్షన్

ఆటోనగర్‌లో లారీల మీద నెంబర్లు రాసే కరిముల్లాకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. కొట్లో రంగు డబ్బా కొంటే అక్కడే మూత తీసి, పుల్లతో అడుగుదాకా కెలికి చూసేవాడు. రాష్ట్రం విడిపోయిన ఏడాది ఖమ్మం వైపు నుంచి ఒకాయన కొత్త లారీ తెచ్చి, నెంబరు ముందు టీఎస్ అని రాయమంటే కాగితం చూపించమన్నాడు. చూశాక కూడా ఆ రెండక్షరాలకు ఒక్క పూతే వేశాడు. ఈ పేరు ఎన్నాళ్లుంటుందో ఎవరికి తెలుసని అతని ధీమా. లారీ ఆయన సణుక్కుంటూ పోయాడు.

అతని భార్య గౌసియా హైదరాబాదులో సర్కారు టైపిస్టు. పెళ్లయిన నాటి నుంచీ శనివారం రైలెక్కి బెజవాడ రావడం, సోమవారం తెల్లారేసరికి మళ్లీ రైల్లో ఉండటం. మొగుడూ పెళ్లాం వరసగా వారం రోజులు ఒక ఇంట్లో ఉన్నది రంజాను సెలవుల్లోనే. అలాంటిది, ఉద్యోగులను రెండు రాష్ట్రాలకూ పంచుతున్నారని, ఎవరికి ఏది కావాలో రాసివ్వమన్నారని ఆమె ఒక ఫారం పట్టుకొచ్చింది. ఆంధ్రకు వేస్తే ఆఫీసు ఎప్పటికైనా ఇటు రాక తప్పదు, ఇక ఒక్కచోట ఉండొచ్చని ఆమె సంబరం.

కరిముల్లా ఫారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇళ్ల స్థలం దరఖాస్తులో ఊళ్లో కావాలని రాస్తే ఊరవతల కొండ పక్కన ఇచ్చిన సంగతి అతను మర్చిపోలేదు.

“మనకేది ఇష్టమో కనుక్కుని, అది ఇవ్వకుండా ఉండటానికే అడుగుతున్నారు. తెలంగాణ అని రాయి. చచ్చినట్టు ఇటు తోస్తారు.”

గౌసియా మొత్తుకుంది. అతను బెంజ్ సర్కిల్ దగ్గర టీకొట్టులో నలుగురిని అడిగాడు. నలుగురూ ఉన్నదున్నట్టు రాయమన్నారు. అంతమందీ ఒకే మాట చెప్పేసరికి అనుమానం ఇంకా గట్టిపడింది. పోరు పడలేక ఆమె అతను చెప్పినట్టే రాసింది.

రాసింది రాసినట్టే ఇచ్చారు.

హైదరాబాదులో ఆమెతో ఒకే గదిలో ఉన్న తోటి టైపిస్టు వినీల ఆంధ్ర అని రాసి ఆంధ్రకు వచ్చేసింది. ఆఫీసులు కృష్ణ అవతలి ఒడ్డుకు వచ్చాక పొద్దున బ్యారేజీ దాటి వెళ్లి, సాయంత్రం ఇంటికి చేరుతోంది. ఆమె బస్టాపులో కనిపించినప్పుడల్లా కరిముల్లా పక్క సందులోకి తిరిగేవాడు. గౌసియా మాత్రం ఒక్క మాటా అనలేదు. ఎందుకనటం లేదా అని అదొక అనుమానం.

పదేళ్లకు టీఎస్ పోయి టీజీ వచ్చింది. నేను చెప్పలేదా అని ఆటోనగరంతా చాటాడు. ఆ ఆదివారం భార్యకూ చెప్పాడు. ఆమె చేపలు కడుగుతూ ఊఁ అంది.

మరుసటేడు ఒక మంగళవారం మధ్యాహ్నం గౌసియా రెండు పెట్టెలతో షాపు ముందు ఆటో దిగింది. కరిముల్లా చేతిలో కుంచె ఆగిపోయింది. ఉద్యోగం పోయిందా, ఒంట్లో బాగాలేదా, ఎవరైనా ఏమైనా అన్నారా అని గుక్క తిప్పుకోకుండా అడిగాడు. అవేవీ కావంది. ఇటు రావాలనుకునేవాళ్లను మళ్లీ రాసివ్వమన్నారట, రాసిచ్చిందట, ఆర్డరు వచ్చిందట. రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుంది.

“ఎప్పుడు రాశావు? నాతో ఒక్క మాట చెప్పలేదే?”

“చెబితే ఇంకోటి రాయమనేవాళ్లండీ. పదేళ్లు మీ మాటకే వదిలేశాను. ఈ పద్నాలుగు నెలలు వదలబుద్ధి కాలేదు.”

ఆ మాటలో అనుమానించడానికి కరిముల్లాకు ఏమీ దొరకలేదు.