రన్‌వే దగ్గర పక్కకు తిరిగిన పెట్టె

శివరాత్రి రోజు పొద్దున ఏడు గంటల ప్యాసింజరుకు విరుదునగర్‌లో ఎక్కాను. ఒడిలో ఎర్రగుడ్డ కప్పిన కులదైవం పెట్టె. మా జమీను తాతగారి కాలంలోనే పోయింది. కోవిల్‌పట్టి అవతలి గుడికి ఏటా ఈ పెట్టె మోసే హక్కు మాత్రం మా ఇంటిదే. అక్కడి మా పాత ఊరి పొలిమేరలో భుజానికెత్తాక గుడి చేరేదాకా దించకూడదు, వెనక్కి తిరగకూడదు.

ఈసారి మనసు కుదురుగా లేదు. గుడికి పోయే పాత బాటకు అడ్డంగా ఇప్పుడు విమాన శిక్షణ రన్‌వే ఉంది. అక్కడే నేర్చుకుంటున్న నా మేనకోడలు సుబ్బు, ఆ పొద్దునే మొదటిసారి ఒంటరిగా విమానం నడపబోతోంది. ముందురోజు ఫోనులో బతిమాలింది.

"మామా, కంచెలో మనోళ్ళు కోసిన సందులో దూరొద్దండి. రన్‌వే దాటే పనే లేకుండా దాని కొస చుట్టూ రోడ్డు ఏసుండారు. దాంట్లో రాండి."

"అది తాతల బాట. పక్కకు పోదు," అన్నాను.

"పెద్ద విమానాల్లో రన్‌వే మీద బండుంటే తెర మీద కనపడుతుంది, గొంతు కూడా హెచ్చరిస్తుంది. దానికైనా కింద ఉండే బండి నేనిక్కడుండానని సైగ పంపాల. మన సామి పెట్టె పంపుతుందా? నాకుండేది నా కండ్లే, మామా."

సాత్తూరులో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయే ఒకామె ఎక్కి ఎదురుగా కూర్చుంది. "ఏమి సామీ, అంత బద్రంగా పట్టుకోనుండారు? మిట్టాయా?"

"దేవుడు."

"అట్లయితే రెండు టికెట్లు తీస్తిరా?"

రైలుపెట్టె అంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కోవిల్‌పట్టిలో దిగి టౌన్‌బస్సులో మా పాత ఊరు చేరాను. ఉపవాసం కనుక కాఫీ కూడా లేదు. డప్పులతో మావాళ్ళు కాచుకొని ఉన్నారు. పెట్టె భుజానికెత్తి నడిచాను. పావుగంటలో కంచె సందు ముందున్నాము. విమానం చప్పుడు విని నిలబడిపోయాను.

"ఏం రా, దొరబిడ్డవు, దోమకు బయపడితివా?" అన్నాడు పెదనాయన గురవప్ప.

తెల్లటి చిన్న విమానం బాగా కిందికి వచ్చింది. దిగలేదు. హోరుమని మళ్ళీ లేచిపోయింది. చుట్టు తిరిగి వచ్చి మళ్ళీ అంతే. పిల్లకు దిగడం చేతకావడం లేదేమో అనుకున్నాను. మూడోసారి చప్పుడు దగ్గరవుతుండగా ఎడమకు, రన్‌వే కొస చుట్టూ పోయే రోడ్డు వైపు తిరిగాను.

"బాట ఇటు రా!" అని అరిచాడు పెదనాయన.

"వెనక్కి తిరగలేదు కదా," అన్నాను. ఎడమ భుజం మీది జరీ ఉత్తరీయం తీసి డప్పు వాయించేవాళ్ళకిచ్చి, సందుకు అడ్డంగా కట్టించాను. కొస చుట్టూ నడుస్తుండగా వెనక చక్రాలు నేలను తాకిన చప్పుడు వినిపించింది.

మధ్యాహ్నం సుబ్బు గుడికి వచ్చింది. "ఎర్రగుడ్డ సందులో నిలబడుంటే ఎట్ల దిగేది మామా? ఎప్పుడు లోపలికి వస్తారో తెలీదే. మీరు పక్కకు తిరిగినాకనే దిగితిని."

పెదనాయన ఆమె నుదుట విభూతి పెట్టాడు. నాకు మాత్రం పెట్టలేదు. జాగారం గుడి పందిట్లోనే.

మరునాడు ఉదయం ప్యాసింజరులో తిరిగి వస్తున్నాను. భుజాన ఉత్తరీయం లేకుండా నలుగురి మధ్య కూర్చోవడం నాకిదే మొదలు. వచ్చే శివరాత్రికి వెళ్ళేవారు కంచె మీద దాన్ని చూసి ఎడమకు తిరగండి. నడక కాస్త ఎక్కువ, అంతే.