వంతెనకు చెరోవైపు రాసినవాళ్లు

ఆవిడను ఊళ్లో అందరూ టికెట్టక్క అనేవారు. నది మీది వంతెన దాటితే పరాయి దేశం. వంతెనకు తూర్పు కొసన బస్‌స్టాండు, అందులో అవతలి ఒడ్డుకు పోయే బస్సుల టికెట్లిచ్చే కిటికీ. ఆ కిటికీ వెనక చెక్క కుర్చీలోనే ఆవిడ వయసంతా గడిచింది. ఆ బస్సుల్లో ఒకదాన్ని నడిపేది ఆవిడ భర్తే. "మా ఆయన రోజూ విదేశాలకెళ్లొస్తాడు. మధ్యాహ్నం అన్నానికి మాత్రం ఇంట్లో ఉంటాడు" అని నవ్వించేది.

ఒకనాడు వీపున పెద్ద సంచి మోస్తున్న ఒక ప్రయాణికురాలు ఫోనును కిటికీలోంచి లోపలికి చాపి, "ఇందులో ఇలా రాశారు, నిజమేనాండీ?" అని అడిగింది. అది ప్రయాణికుల కోసం నడిచే ఇంటర్నెట్ గైడు. ఎవరైనా రాయవచ్చు, ఎవరు రాసినది ఎవరైనా దిద్దవచ్చు. ఈ ఊరి పేజీలో ఇలా ఉంది: "తూర్పు ఒడ్డున చూడదగినదేమీ లేదు. బస్సు దిగి నేరుగా వంతెన దాటడం మంచిది."

టికెట్టక్కకు ఒళ్లు మండింది. సాయంత్రం ఇంటికి వెళ్లగానే 'కిటికీ' అని పేరు పెట్టుకుని ఆ వాక్యం కొట్టేసింది. దాని చోట గంటస్తంభం మీదికి ఎక్కే ఇరుకు మెట్ల గురించి, పాత పుస్తకాలమ్మే సందు గురించి రాసింది. తెల్లారేసరికి పాత వాక్యం మళ్లీ వచ్చి కూర్చుంది. పెట్టినవాడి పేరు 'గొడుగు'. ఆవిడ కొట్టేయడం, అతను పెట్టడం, ఇలా కొన్నాళ్లు సాగింది. చివరికి ఆవిడే, పేజీ వెనక రాసేవాళ్లు మాట్లాడుకునే చోటికి వెళ్లి అడిగింది.

"అయ్యా, తమరు మా ఒడ్డుకెప్పుడైనా వచ్చారా?"

"వచ్చానమ్మా. దోమలు కుట్టాయి."

"అవి మీ ఒడ్డు దోమలే. వాటికి వీసా అక్కర్లేదుగా!"

ఆ వాక్యాన్ని గొడుగే తీసేశాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి రాయడం మొదలుపెట్టారు.

గొడుగుది పడమటి ఒడ్డున సెలూన్. సెలవు రోజున టికెట్టక్క తన భర్త నడిపే బస్సెక్కి అతన్ని చూడబోయింది. సన్నటి పొడుగాటి మనిషి, వాన లేకున్నా చేతిలో గొడుగు, నున్నటి బట్టతల. "నన్ను చూస్తే జనానికి ధైర్యం చెల్లెమ్మా. ఇంతకన్నా పాడుచెయ్యలేడులే అనుకుని కూర్చుంటారు" అన్నాడు. అతని కూతురు టీ తెచ్చిచ్చి, "మీరేనా మా నాన్నతో పోట్లాడే ఆవిడ?" అంది. ఎవరి ఊరు వాళ్లు రాసుకుంటే అన్నీ కోతలే అవుతాయని ఆనాడే ఒప్పందానికి వచ్చారు. ఆవిడ ఒడ్డు గురించి అతను రాయాలి, అతని ఒడ్డు గురించి ఆవిడ రాయాలి. సెలూన్ గురించి ఆవిడ రాసింది: "ఇక్కడ కత్తెర కన్నా నోరు వేగం. నవ్వకుండా కూర్చోగలిగినవాళ్లే గడ్డం గీయించుకోండి."

ఆ పేజీ పెరిగింది. దాన్ని చదివి వచ్చిన కొత్తవాళ్లు కిటికీ దగ్గర ఆగి "కిటికీ మీరేనా?" అని అడిగితే ఆవిడ మొహం చాటంతయ్యేది.

తర్వాత రెండు ప్రభుత్వాలకూ చెడింది. వంతెన మీద మొదట తనిఖీలు పెరిగాయి, ఆపైన రాత్రి పూట రాకపోకలు ఆగాయి, చివరికి ముళ్లకంచె వేశారు. భర్త నడిపే బస్సు షెడ్డులో ఆగిపోయింది. రెండు ఒడ్డుల మధ్య ఫోన్లు కలవడం మానేశాయి. పేజీ వెనక గొడుగు నుంచి ఒక కబురు వచ్చింది.

"చెల్లెమ్మా, ఇక ఇక్కడ మాట్లాడొద్దు. అవతలివాళ్లతో మాట్లాడారని మా వీధిలో ఇద్దర్ని పట్టుకుపోయారు. నేను రోజూ ఎక్కడో ఒకచోట ఒక కామా పెడతాను. నువ్వు తీసెయ్యి. అది చాలు."

ఆ మాటను కాసేపటికి అతనే చెరిపేశాడు. మర్నాటి నుంచి ఏదో ఒక వాక్యంలో అక్కర్లేని కామా కనిపించేది. ఆవిడ గుండెల నిండా గాలి పీల్చుకుని దాన్ని తీసేసేది.

మిగతాది మాత్రం తగ్గిపోతూ వచ్చింది. లేని బస్సు ఉందని రాసి ప్రయాణికుడిని ముళ్లకంచె దాకా నడిపించకూడదు కదా! బస్సు వేళలు కొట్టేసింది. మూతపడిన లాడ్జీలు కొట్టేసింది. సైనికులు ఆక్రమించిన గంటస్తంభాన్ని కొట్టేసింది. ఒక్కో వాక్యం తీసిన రోజున అన్నం సహించేది కాదు.

"మనుషులు రాని ఊరికి గైడెందుకే? గోడల్లేని ఇంటికి తలుపులు బిగించినట్టుంది నీ పని" అన్నాడు భర్త. అతనికి దూరాన ఒక పట్నంలో లారీ నడిపే పని దొరికింది. "నువ్వూ రా" అన్నాడు.

"బస్సులు ఆగినా కిటికీ ఇంకా మూయలేదుగా, ఉద్యోగం ఉన్నన్నాళ్లు ఉంటానండీ" అందావిడ. నిజానికి కామాను వదిలి వెళ్లలేకపోయింది.

ఒక వేకువన ఇంటి కిటికీ అద్దాలు అదిరిపోయాయి. పడమటి ఒడ్డున పొగ లేచింది. ఆ రోజు కామా రాలేదు. మరునాడూ రాలేదు. ఆవిడే ఒక కామా పెట్టి చూసింది. తీసేవాళ్లు లేరు. పూటపూటకూ పేజీ తెరిచి, తను పెట్టినది అలాగే ఉండటం చూసి, ఫోను బోర్లా పెట్టేసేది.

చాలా రోజులకు పేజీలో ఒక మార్పు కనిపించింది. ఎవరో కొత్త పేరుతో వచ్చి సెలూన్ గురించి రాసిన రెండు వాక్యాలూ తీసేశారు. ఎందుకు తీశారో చెప్పే చోట ఇలా ఉంది: "దుకాణం కూలిపోయింది. నాన్న లేరు."

టికెట్టక్క జవాబు రాయబోయింది. "అమ్మా" అని రాసి ఆగింది. ఇటునుంచి ఒక్క మాట వెళ్లినా ఆ పిల్ల మెడకు చుట్టుకుంటుంది. ఉన్న ఒక్క మాటా చెరిపేసి, నది వైపు నడిచింది. గట్టు దగ్గర సైనికుడు తుపాకి అడ్డం పెట్టి, "ఎక్కడికమ్మా, వెనక్కెళ్లు" అన్నాడు. వెనక్కి వచ్చింది.

భర్త ఫోను చేస్తే ఏడుపు ఆగలేదు.

"ఏమైందే? ఎవరు పోయారు?"

"మా అన్నయ్యండీ."

"నీకు అన్నయ్యేడే?"

ఆవిడ ఏడుస్తూ సంగతంతా చెప్పేదాకా అతను ఫోను పట్టుకుని ఉండిపోయాడు. ఆ సెలూన్లో అతనూ ఎన్నోసార్లు గడ్డం గీయించుకున్నాడు.

ఆ నెలలోనే కిటికీకి పలకలు కొట్టేశారు. గైడు నడిపేవాళ్లు, ఎక్కడివాళ్లో ఏమో, పేజీలో మిగిలినదంతా తీసేసి 'ఈ ఊరికి ప్రయాణం చేయకండి' అన్న ఎర్ర గీతల పెట్టె ఒక్కటే ఉంచారు. ఆవిడ రెండు సంచులతో భర్త దగ్గరికి చేరింది. లారీల షెడ్డు వెనక ఒంటిగది. పగలంతా ఇంజన్ల రొద, పొయ్యి మీద గిన్నెలో కూడా డీజిలు వాసన.

ఏమీ తోచక గోడకేసి చూస్తూ కూర్చుంటున్న ఆవిణ్ని చూడలేక ఒకరోజు భర్త అన్నాడు: "ఈ పట్నానికి కూడా ఆ గైడులో పేజీ ఉందట. ఊరికే కూర్చునే బదులు ఏదైనా రాయరాదూ?"

"తప్పు రాస్తే పోట్లాడేవాళ్లెవరున్నారండీ ఇక్కడ?"

అతను తల వంచుకుని అన్నం ముగించి షెడ్డుకు వెళ్లిపోయాడు. ఆవిడ కంచాలు తీసి, వీధి కుళాయి దగ్గర వరుసలో నిలబడింది. ముందున్న ఆవిడ ఏదో అడిగింది. టికెట్టక్కకు వినపడలేదు.