ఐదో పోర్టు

మొన్న ఆదివారం మా అమ్మాయి రెడ్‌మండ్ నుంచి ఫోన్ చేసి, వీడియోలు ఎడిట్ చేసుకోవడానికి కొత్త డెస్క్‌టాప్ బిగించుకుంటున్నానని, రెండు మదర్‌బోర్డుల్లో ఏది తీసుకోవాలో చెప్పమని ఫోటోలు పంపింది. ఫైళ్ళు దాచుకునేందుకు హార్డ్‌డిస్కు బదులు వాడే, చూయింగ్ గమ్ రేకంత ఉండే ఆ కొత్తరకం ఎస్సెస్‌డీలకు ఒక్కో బోర్డు మీద నాలుగేసి స్లాట్లున్నాయి. ఏ స్లాటు వాడితే ఏ పోర్టు ఆగిపోతుందో చూశావా అని అడిగాను. "నాన్నా, అదంతా ఇప్పుడెవరూ చూడరు, జస్ట్ ఒకటి పిక్ చేయి" అని నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు.  అరవై దాటిన మనిషిని పలకంత బోర్డు ముక్క ఇంకా భయపెడుతోందంటే కుర్రవాళ్ళు నవ్వుతారేమోగానీ, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చున్న మన వయసువాళ్ళు మాత్రం నవ్వరు.

తొమ్మిదేళ్ళ క్రితం మాట ఇది. అప్పుడు మేం మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్ళం. కారు సీట్లు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలు తయారుచేసే కంపెనీలో నేను డిజైనర్‌ని. ఈ దేశం వచ్చి పదిహేనేళ్ళు దాటినా, ఫారంలో ఒక గడి నింపాలన్నా, ఉద్యోగం మారాలన్నా, పసుపు దీపం వెలుగుతుండగా కూడలి దాటాలన్నా గుండె దడదడలాడేది. ఆ భయానికి మేం పెట్టుకున్న మర్యాదైన పేరు జాగ్రత్త.

ఆ చలికాలంలో లాయరు ఆఫీసునుంచి కబురొచ్చింది. నేను హైదరాబాదులో చేసిన మొట్టమొదటి ఉద్యోగానికి అనుభవ పత్రం చూపించాలట, గడువులోగా చూపకపోతే దరఖాస్తు కొట్టేస్తారట. ఆ కంపెనీ ఏనాడో మూతపడింది, దాని యజమాని ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు, అసలు కాగితం అంతకుముందు మేమున్న పార్సిప్పనీ నుంచి మిషిగన్‌కు ఇల్లు మారినప్పుడు ఏ అట్టపెట్టెతో పాటో పోయింది. మిగిలిందల్లా నా పాత హార్డ్‌డిస్కులో దాచిన స్కాన్ కాపీ ఒక్కటే. ఆ డిస్కున్న కంప్యూటరేమో మదర్‌బోర్డు కాలిపోయి, అప్పటికి నెలరోజులుగా బేస్‌మెంట్‌లో మూలుగుతోంది. డిస్కుకేమీ కాలేదు, కొత్త బోర్డు తెచ్చి తగిలిస్తే చాలని నాకు నేనే ధైర్యం చెప్పుకున్నాను.

ఎలాగూ కొంటున్నాం కదా అని, ఈసారి వేగంగా పనిచేసే ఎస్సెస్‌డీకి తగిన బోర్డే తీసుకోవాలనుకున్నాను. పాత మెషిన్‌లో పెద్ద డ్రాయింగు తెరవమని చెప్పి మేడ మీదకు వెళ్ళి కాఫీ కలుపుకుని తాగి వచ్చినా అది ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడు, వరంగల్ మనిషి, కొత్తరకం ఎస్సెస్‌డీ వేసుకుని కన్నుమూసి తెరిచేలోపు డ్రాయింగ్ వచ్చేస్తోందని ఒకటే ఊదరగొట్టేవాడు. స్లాటు కనబడింది కదా అని మోసపోవద్దనీ, చూడటానికి ఒకేలా ఉన్నా కొన్ని స్లాట్లు నెమ్మదిరకం ఎస్సెస్‌డీలనే తీసుకుంటాయనీ అతను హెచ్చరించడంతో, రెండు వారాలపాటు ఇంటర్నెట్‌లో నేను చదవని అభిప్రాయం లేదు. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు కూడా ఇన్ని ప్రశ్నలు వేయలేదని మా ఆవిడ దెప్పింది. చివరికి వేగవంతమైన స్లాట్లు రెండు, పాత డిస్కులకు కేబుల్ తగిలించే పోర్టులు ఆరు ఉన్న బోర్డు తెప్పించాను. ఆరింటినీ వేలితో తాకుతూ లెక్కపెట్టుకున్నాను కూడా.

ఇక్కడ మా అత్తగారి గురించి చెప్పాలి. ఆవిడ ఆర్నెల్లకని రాజమండ్రి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. నాతో మాట్లాడేదే తక్కువ, మాట్లాడినా తలుపు పక్కన నిలబడి, మీరు అంటూ, బాబూ అంటూ. ఇంట్లోకి కొత్త వస్తువేది వచ్చినా దానికింత కుంకుమ బొట్టు పెట్టందే ఆవిడకు తోచదు. రైస్ కుక్కరుకు పెట్టారు, కారుకు పెట్టారు, ఆఖరికి మంచు ఎత్తే పారకు కూడా పెట్టారు. అదంతా నాకు ముచ్చటగానే ఉండేది, ఆ రోజు వరకు.

మిషిగన్ చలికాలంలో తలుపు పిడి పట్టుకుంటే చురుక్కుమంటుందని మీకు తెలిసే ఉంటుంది. ఆ చురుకు ఒక్కటి చాలు, బోర్డు పోతుందని చదివాను. అందుకని మేజోళ్ళు విప్పేసి, ఒంట్లోని ఆ కరెంటు దిగిపోవడానికి నిమిషానికోసారి వెళ్ళి కుళాయి ముట్టుకుని వచ్చి, భోజనాల బల్ల మీద పెట్టె విప్పాను. స్క్రూడ్రైవర్ కోసం బేస్‌మెంట్‌లోకి దిగి వచ్చేసరికి బోర్డు మూల, మర బిగించే రంధ్రం పక్కన, చిన్న తడి కుంకుమ బొట్టు. ఉన్ని స్వెట్టర్ వేసుకున్న అత్తగారు పక్కనే నిలబడి దణ్ణం పెట్టుకుంటున్నారు.  గబగబా దూదితో తుడిచేశాను. తర్వాత మరీ జాగ్రత్తపడ్డాను. మొదటి స్లాటు గ్రాఫిక్స్ కార్డు కిందికి వస్తోంది, అక్కడ వేడికి ఎస్సెస్‌డీ పాడవుతుందేమోనని రెండో స్లాటులో పెట్టాను. మొదటి నాలుగు పోర్టుల దగ్గర ఇరుకు, కేబుల్ నలుగుతుందేమోనని పాత డిస్కును ఐదో పోర్టుకు తగిలించాను.

మెషిన్ లేచింది, ఎస్సెస్‌డీ కనబడింది. పాత డిస్కు కనబడలేదు. కేబుల్ మార్చాను, ఆరో పోర్టులో పెట్టాను, ఊహూ. ఆ తడి బొట్టుకు షార్టయి డిస్కే కాలిపోయిందనుకున్నాను. పదిహేనేళ్ళ నిరీక్షణ, కాలేజీలో చేరబోతున్న కూతురు, ఇల్లు, ఉద్యోగం, అన్నీ ఆ ఒక్క కాగితం మీద నిలబడి ఉన్నాయి, ఆ కాగితం లేదు. వంటింటి గుమ్మం దగ్గర అత్తగారు కనబడ్డారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ ముందు ఎన్నడూ గొంతు పెంచనివాణ్ణి, ఆ రోజు అరిచేశాను.

"కరెంటు వస్తువు మీద తడి కుంకం పెట్టమని మీకెవరు చెప్పారండీ? మా గ్రీన్‌కార్డంతా ఆ డిస్క్‌లోనే ఉంది. మీ వల్లే పోయింది."

 తెలియక చేశాను బాబూ అని ఆవిడ నెమ్మదిగా అని, గదిలోకి వెళ్ళిపోయారు.

తర్వాతి తొమ్మిది రోజులూ ఎలా గడిచాయో ఆ దేవుడికే తెలియాలి. దెబ్బతిన్న డిస్కుకు మళ్ళీ మళ్ళీ కరెంటిస్తే ఉన్నదీ పోతుందని ఎక్కడో చదివి, దాన్ని ఇంకో కంప్యూటరుకు తగిలించి చూసే ధైర్యం కూడా లేక, మెత్తటి పంచెలో చుట్టి బీరువాలో పెట్టాను. పోయిన ఫైళ్ళు తీసిపెట్టే షాపువాళ్ళు దొరుకుతాయని గ్యారంటీ ఏమీ ఇవ్వలేమన్నారు. లాయరు గడువు గుర్తుచేస్తూ మెయిల్ పంపిస్తే తెరవకుండా వదిలేసేవాణ్ణి. మా ఆవిడ నాతో ముక్తసరిగా మాట్లాడేది. అత్తగారు హాల్లోకి రావడం మానేశారు. లైటు స్విచ్ వేయాలన్నా, స్టవ్ వెలిగించాలన్నా కూతుర్నే పిలిచేవారు. టికెట్ ముందుకు జరుపుకోవచ్చా అని అడిగారట కూడా. నాకది వినబడింది, కానీ నా భయం నాకే చాలక, వినబడనట్టు ఊరుకున్నాను.

పదో రోజు శనివారం మధ్యాహ్నం, బోర్డు కంపెనీ వాళ్ళకు ఫోన్ చేద్దామని, నంబరు కోసం దాంతో పాటు వచ్చిన చిన్న పుస్తకం తిరగేశాను. ఓ పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. రెండో స్లాటులో ఎస్సెస్‌డీ పెడితే ఐదు, ఆరు పోర్టులు పనిచేయవు. అంతే. రెండు వారాలు ఊరందరి అభిప్రాయాలూ చదివినవాణ్ణి, చేతిలో ఉన్న పుస్తకం చదవలేదు. కేబుల్ తీసి మొదటి పోర్టులో పెట్టాను. డిస్కు వచ్చింది, అందులో అనుభవ పత్రం ఉంది, అడుగున ఆ యజమాని వంకర సంతకంతో సహా. ప్రింటు తీసుకుని పిచ్చివాడిలా ఏడ్చాను. కాగితం లాయరుకు చేరింది, మరుసటేడు కార్డులు కూడా వచ్చాయి.

ఆ రోజే అత్తగారి గదికి వెళ్ళాను. కిటికీ పక్కన కూర్చుని బట్టలు మడతపెడుతున్నారు. స్లాటు, పోర్టు, ఒకటి వాడితే ఇంకోటి ఆగిపోవడం, అంతా ఇంజనీరులాగా వివరించాను. ఓపిగ్గా విన్నారు. అయ్యాక అడిగారు.

"అయితే నా వల్ల కాదన్నమాటేగా, బాబూ?"

కాదండీ అన్నాను. నాదే తప్పు, నన్ను క్షమించండి అనాల్సింది. అల్లుడిననే బింకం అడ్డొచ్చిందో, సిగ్గే అడ్డొచ్చిందో, నోరు పెగల్లేదు. పోన్లెండి, దొరికింది, అదే పదివేలు అన్నారావిడ, మళ్ళీ బట్టలు మడతపెట్టుకోసాగారు.

ఇప్పటి బోర్డుల్లో కూడా అక్కడక్కడ ఆ తిరకాసు ఉంది, వాటి పుస్తకాలు, పేజీల అడుగు వాక్యాలతో సహా చదివి మరీ మా అమ్మాయికి చెప్పాను. నాకైతే ఇప్పుడు పోగొట్టుకోవడానికి భయపడాల్సిన కాగితాలేమీ లేవు. ఆ పాత డిస్కులో ఉన్నవన్నీ నాలుగు చోట్ల దాచాను. భయం చాలావరకు పోయింది, అది పోయాకగానీ దాన్ని అన్నాళ్ళూ ఎవరి నెత్తిన రుద్దానో నాకు తెలిసిరాలేదు. అత్తగారు తర్వాత రెండుసార్లు వచ్చారు, ఈ వేసవిలోనూ వచ్చారు. ఆరోగ్యంగానే ఉన్నారు, నాతో మునుపటికంటే ఎక్కువే మాట్లాడుతున్నారు. కానీ మా ఇంట్లో హాలు లైటు వేసుకోవాలన్నా స్విచ్ దగ్గర ఆగి, వేయొచ్చా బాబూ అని అడుగుతారు. మీ ఇల్లేగదండీ, అడగడమెందుకు అంటాను. నవ్వి, నేను వెయ్యండి అనేదాకా అక్కడే నిలబడతారు.