దొరసానికి మూడు పూతలు

కరోనాకు రెండేళ్ల ముందు వేసవిలో, కార్వేటినగరం పాత కోటలో జరిగే షూటింగుకు నన్ను మేకప్ చీఫ్‌గా పెట్టుకున్నారు. చీఫ్ అంటే ముఖ్య నటుల ముఖాలు చూసేవాడు. గుంపులో నిలబడేవాళ్లను అసిస్టెంట్లు చూసుకుంటారు. తెల్లదొరల కాలం నాటి ఆ కథలో కలెక్టరు దొర భార్య వేషానికి లండన్ నుంచి క్లేర్ అనే నటిని పిలిపించారు. ఏజెంటు పంపిన ఫొటోలో దీపాల వెలుగే ఎక్కువ, ముఖం తెల్లగానే కనిపించింది. రెండో ఫొటో ఎవరూ అడగలేదు.

చామనఛాయ, ఉంగరాల జుట్టుతో ఆమె కారు దిగింది. నిర్మాతా దర్శకుడూ తానే అయిన చిత్తూరు పెద్దమనిషి నన్ను పక్కకు లాగాడు.

"ఏందప్పా ఇది? లండన్ నుంచి పిలిపిస్తే వడమాలపేట పిల్ల దిగినట్టుండాది!"

"ఆమె పుట్టింది ఆడేనంట సార్."

"పుడితే సరిపోతాదా? కనిపించాల గదా! నువ్వు సూసుకో."

చూసుకోవడమంటే తెల్లగా చేయడమే. ముఖానికి వేసిన అడుగు రంగే మెడకూ చెవులకూ చేతులకూ వేయాలి. లేకుంటే తల ఒకరిది, మొండెం ఇంకొకరిది అన్నట్టుంటుంది. మూడు పూతలు వేశాను. మధ్యాహ్నం ఎండకు దొరసాని చెమటతో కారిపోయింది.

మళ్లీ కుర్చీలో కూర్చున్నప్పుడు క్లేర్ తన సంగతి చెప్పింది. అసిస్టెంట్ డైరెక్టరమ్మాయి తెలుగులో వినిపించింది. కన్నతల్లి ఇంగ్లీషామె, కన్నతండ్రి ఆఫ్రికా మనిషి. ఆరు వారాల పసిగుడ్డుగా ఉన్నప్పుడు తెల్లజాతి బస్సు డ్రైవరొకడూ అతని భార్యా దత్తత తీసుకున్నారు. బడిలో క్రిస్మస్ నాటకానికి తోటి పిల్లలు దేవదూతలైతే ఈమెకు ఒంటె వేషం. నటి అయ్యాక నర్సు, ఖైదీ, శరణార్థి. శరణార్థి కోసం రాని యాస కూడా నేర్చుకుందట. ఇంగ్లీషు మనిషి వేషం ఇచ్చింది మీరే మొదట, అంది. అప్పుడు నా చేతిలో తెల్ల రంగు స్పాంజి ఉంది.

నాలుగో పూతకు చెయ్యెత్తితే ఆపింది. దూది తీసుకుని రంగంతా తనే తుడుచుకుంది. నేను ఇంగ్లీషుదాన్నే, ఈ ముఖంతోనే చేస్తానని దర్శకుడితో చెప్పింది.

ఆయన టీ తాగేలోపు దారి కనిపెట్టాడు. "ఆమెకు ఆయా వేషం ఇద్దామప్పా. దానికి రంగే అక్కర్లేదు."

క్లేర్ దానికి ఒప్పుకోలేదు. దొరసాని వేషానికి ముంబై నుంచి ఒక తెల్లటి అమ్మాయిని రప్పించారు. ఆమె నోట ఇంగ్లీషు పలకదు. గొంతు మాత్రం అరువివ్వమని క్లేర్‌ను అడిగారు. ఆమె పడీ పడీ నవ్వి, మర్నాడే వెళ్లిపోయింది. దొరసాని మాటలు చివరకు పుత్తూరు నుంచి వచ్చిన ఒక టీచరమ్మ చెప్పింది. సినిమా విడుదలయ్యాక చిత్తూరు హాల్లో నా వెనక సీటాయన, "ఇంగ్లీషంటే ఇదిరా" అన్నాడు.

అప్పటిదాకా చేసిన ముప్పైయేళ్ల పనిలో, ఏ రంగు వేయమంటారని కుర్చీలో కూర్చున్న మనిషిని నేను ఒక్కసారీ అడగలేదు. ఆ తర్వాత, పని మానేసేదాకా, ప్రతి ఒక్కరినీ అడిగాను. చాలామంది "ఇంకొంచెం తెల్లగా" అనే చెప్పారు. అయినా అడగడం పనిలో మొదటి మెట్టని తెలుసుకున్నాను.